దవావో వీధుల్లో తెల్లచొక్కాల జంటలు: తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతులు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఫిలిప్పీన్స్‌లో డాక్టరీ చదవడానికి వచ్చే తెలుగు పిల్లల గురించి పత్రికల చదువుల పేజీల్లో తరచూ వ్యాసాలు వస్తుంటాయి. ఫీజు ఎంత, కాలేజీకి గుర్తింపు ఉందా లేదా, తిరిగొచ్చాక ఏ పరీక్ష రాయాలి, ఇవన్నీ ఉంటాయి. పద్దెనిమిదేళ్ల పిల్ల ఇక్కడ దిగాక రోజు ఎలా గడుస్తుందన్నది మాత్రం ఉండదు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో సంగతి తిరుగుతుంటుంది. తెల్లచొక్కా, టై, గుండె మీద పేరు రాసిన నల్ల బిళ్ల పెట్టుకున్న కుర్రాళ్లు ఇద్దరిద్దరుగా హాస్టళ్ల దగ్గర తిరుగుతున్నారని, ఎవరు వాళ్లు, డబ్బిచ్చి మతం మారుస్తారా, గూఢచారులా అని భయం. వాళ్లు మోర్మన్ అనే క్రైస్తవ సంఘం పంపిన మత ప్రచారకులు, అంటే మిషనరీలు. మన పిల్ల రోజు ఎలా గడవాలన్న ప్రశ్నకి జవాబు చాలావరకు ఈ కుర్రాళ్ల బతుకులోనే దొరుకుతుంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాం.

మేం దవావోలో ఏళ్లుగా ఉంటున్న తెలుగువాళ్లం. ఆ సంఘంలో సభ్యులం కాం, వాళ్ల నమ్మకాలని సమర్థించడానికీ ఖండించడానికీ ఈ ఉత్తరం రాయడం లేదు. మా ఇరుగుపొరుగుల్లో, పనిచేసే చోట ఆ సంఘం వాళ్లు, మిషన్, అంటే ఆ ప్రచార సేవ, చేసి ఇంటికి వచ్చినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. ఆ కుర్రాళ్ల రోజువారీ బతుకు మాకు దగ్గరగా తెలుసు.

మోర్మన్లది 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ పెట్టిన సంఘం, కేంద్రం సాల్ట్ లేక్ సిటీ. 2018 నుంచి తమని మోర్మన్లు అనకుండా 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము' అనే పూర్తి పేరుతోనే పిలవమంటున్నారు. ఇక్కడ మాత్రం జనం నోట పాత పేరే ఉంది. ఫిలిప్పీన్స్‌లో వీళ్ల పని 1961లో మొదలైంది. మనీలాలో 1984లో, సెబులో 2010లో ఆలయాలు తెరిచారు. మనకీ ఈ సంఘం మరీ కొత్తది కాదు. 1978 డిసెంబరులో సమోవా నుంచి వచ్చిన ధర్మరాజు దంపతుల ద్వారా హైదరాబాద్‌లో వాళ్ల బంధువులు 22 మంది ఇందులో చేరారు. భారతదేశంలో వాళ్ల మొదటి 'స్టేక్', అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిపిన విభాగం, 2012 మే నెలలో హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

ముందు డబ్బు సంగతి చెప్పాలి. అపోహలన్నీ అక్కడే పుడతాయి. ఈ కుర్రాళ్లకి జీతం లేదు. అమెరికా నుంచి వచ్చేవాళ్లయితే వాళ్లో వాళ్ల కుటుంబమో నెలకి 500 డాలర్లు సంఘానికి కట్టాలి, 2020 జూలై నుంచి అదీ లెక్క. కుర్రాళ్లకి మిషన్ రెండేళ్లు, అమ్మాయిలకి పద్దెనిమిది నెలలు. కుర్రాడికి మొత్తం 12,000 డాలర్లు, మన డబ్బుల్లో పది లక్షల పైచిలుకు. ఏ దేశానికి పంపినా కట్టేది ఒకటే. 1991కి ముందు ఎక్కడికి వెళ్తే అక్కడి ఖర్చు కట్టుకోవాల్సి వచ్చేది, జపాన్ పడినవాడి ఇంట్లో గుండెలు బాదుకునేవాళ్లు. ఇప్పుడు అందరి డబ్బూ ఒకే కుండలో పడుతుంది, అందులోంచి అద్దె కడతారు, తిండికీ ఛార్జీలకీ నెలకింత అని కార్డులో వేస్తారు. పేద దేశాల పిల్లలు ఇవ్వగలిగినంత ఇస్తారు, మిగతాది సంఘం నిధి భరిస్తుంది. కాబట్టి అమెరికా వాడు కదా అని వాడి జేబు వైపు చూడక్కర్లేదు. మొదటి రెండు వారాల్లో పిజ్జాలకి తగలేసినవాడు నెలాఖరులో అన్నంలో సార్డిన్ చేపల డబ్బా వంచుకుని తినడం ఇక్కడ మామూలే. జీప్నీ, అంటే ఇక్కడి షేర్ జీపు లాంటి బండి, ఛార్జీ మిగలక మూడేసి కిలోమీటర్లు నడిచే జంటలూ ఉంటాయి.

ఏ దేశం వెళ్లాలో ఎంచుకునే హక్కు వాళ్లకి లేదు. కుర్రాళ్లయితే పద్దెనిమిదేళ్లకి అర్హులు, 2012కి ముందు అది పంతొమ్మిది. స్థానిక బిషప్, ఆపైన స్టేక్ అధ్యక్షుడు విడివిడిగా మాట్లాడతారు. డాక్టరు, పళ్ల డాక్టరు చూసి కాగితం రాయాలి. ఇబ్బంది పెట్టేలా ఉన్న జ్ఞానదంతాలని ముందే పీకించుకోవాలి, ఎక్కడో దీవి మీద ఆ పన్ను వాచిందంటే పని మొత్తం ఆగిపోతుంది. టీకాలు పూర్తి కావాలి. ఆ తర్వాత ఫలానా దేశం, ఫలానా మిషన్, ఫలానా భాష అని పిలుపు వస్తుంది. భాష నేర్చుకోవాల్సినవాళ్లకి ఆరు నుంచి తొమ్మిది వారాల శిక్షణ. మొదటి రోజు నుంచే పంతులు ఆ భాషలోనే మాట్లాడతాడు. తప్పైనా తడబడినా అందులోనే జవాబివ్వాలి. వ్యాకరణం అయ్యేదాకా నోరు విప్పకుండా కూర్చోవడం అక్కడ కుదరదు.

ఇన్ని చేసి దిగినా దవావోలో మొదటి వారమే చుక్కలు కనిపిస్తాయి. వాడు నేర్చుకున్నది ఈ ప్రాంతపు భాష సెబువానో, అదీ పుస్తకాల్లోది. వీధిలో వినిపించేది బిసాయా అని పిలిచే దాని వాడుక రూపం, తగాలోగ్, ఇంగ్లీషు మూడూ ఒకే వాక్యంలో. అందుకే ప్రతివాడి చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు ఉంటుంది. విన్న మాట అక్కడికక్కడే రాసుకుని రాత్రిలోపు ఇద్దరి ముగ్గురి దగ్గర వాడేస్తాడు. మన వైద్య విద్యార్థులు ఈ పని మూడో ఏడాదికి వాయిదా వేస్తారు. తీరా వార్డులోకి వెళ్లాక రోగిని 'అసా మాన్ ఆంగ్ సకిత్', నొప్పి ఎక్కడ అని అడగడం రాక నర్సు మొహం చూస్తారు. ఆ నర్సు ఎన్నాళ్లు అనువదిస్తుంది?

ఇక జంట సంగతి. వీళ్ల బతుకంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మిషన్‌లో ఉన్నంతకాలం ఎవరూ ఒంటరిగా ఉండరు. స్నానాల గదిలో తప్ప మిగతా వేళల్లో ఇద్దరూ ఒకరికొకరు కనిపిస్తూ వినిపిస్తూ ఉండాలి. ఒకే గదిలో వేర్వేరు మంచాల మీద పడుకుంటారు. జతగాడిని ఎంచుకునేది వాళ్లు కాదు, మిషన్ అధ్యక్షుడు. ఆయన భార్యతో కలిసి మూడేళ్ల కోసం వచ్చిన పెద్దమనిషి, వీళ్లందరికీ సంరక్షకుడి లెక్క. ప్రతి ఆరు వారాలకీ బదిలీల జాబితా వస్తుంది. ఎవరు కదులుతారో, ఎవరికి ఎవరు జతో అప్పుడే తెలుస్తుంది. కొత్తవాడికి మొదటి పన్నెండు వారాలు ఒక పాతకాపుని జతచేస్తారు. ఈ దేశంలో ఆ పాతవాణ్ణి 'తాతాయ్' అనీ కొత్తవాణ్ణి 'అనాక్' అనీ పిలుచుకుంటారు, అంటే నాన్న, బిడ్డ. ఆ నాన్నకి ఇరవై ఏళ్లుంటాయి.

అమెరికాలోని యూటా కుర్రాడికీ ఫిలిప్పీన్స్ ఉత్తరాన ఉన్న ఇలోకోస్ కుర్రాడికీ ముడిపెట్టి ఒకే గదిలో ఉంచితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. గొడవలు మతం దగ్గర రావు, ఫ్యాను ఎటు తిరగాలన్న దగ్గర వస్తాయి. రైస్ కుక్కర్ గిన్నె కడగకుండా పడుకున్నదెవరు, పొద్దున్నే అలారం మోగినా లేవనిదెవరు, ఇద్దరి సబ్బునీ ఒకడే అరగదీస్తున్నాడా, ఇలాంటివే. దీనికి వాళ్లు పెట్టుకున్న మందు ఒకటుంది. వారానికోసారి రాబోయే వారం పని రాసుకుంటారు. అది అయ్యాక ఎదురెదురుగా కూర్చుని, నీలో నాకు నచ్చిందిది, నన్ను ఇబ్బంది పెడుతున్నదిది అని మొహం మీదే చెప్పుకోవాలి. కొందరు మొక్కుబడిగా రెండు నిమిషాల్లో ముగించేస్తారు. అలాంటి జంటల్లోనే నాలుగో వారానికి మాటలు బందవుతాయి. నిజాయితీగా చేసేవాళ్లకి మాత్రం బాగా పనికొస్తుందని మా అభిప్రాయం. ఇష్టంలేని మనిషితో ఆరు వారాలు నెట్టుకురావడం ఒక విద్య.

రోజు పొద్దున్న ఆరున్నరకి మొదలవుతుంది. అరగంట కసరత్తు, ఆపైన స్నానం, టిఫిను, ఎనిమిది నుంచి చదువు. ఒంటరిగా కొంతసేపు, జంటగా కొంతసేపు, భాష కోసం ఇంకొంతసేపు. పది ప్రాంతంలో బయట పడతారు. 2017 నుంచి ఈ వేళల్ని ఆయా ఊళ్లని బట్టి కొంత సర్దుకోనిస్తున్నారు, ఇక్కడి ఎండకి అది అవసరం కూడా. పన్నెండు నుంచి రెండు దాకా ఏ గడప తొక్కినా ఇంటివాళ్లు కునుకులో ఉంటారు. అసలు పని సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. తొమ్మిదికల్లా గూటికి చేరి, పదిన్నరకి దీపాలార్పాలి.

ఇంతసేపూ తలుపులు కొడుతూ తిరుగుతారనుకుంటే పొరపాటు. ఈ దేశంలో ఎక్కువ సమయం సంఘానికి రావడం మానేసిన పాత సభ్యుల ఇళ్లకీ, ముందే అనుకున్న అపాయింట్‌మెంట్లకీ పోతుంది. ఆ అపాయింట్‌మెంట్లు తరచూ తప్పిపోతాయి. మొహమాటానికి రమ్మన్న మనిషి వీళ్లు వెళ్లేసరికి ఇంట్లో ఉండడు. అందుకని తెలివైన జంట ప్రతి అపాయింట్‌మెంటుకీ అదే పురోక్‌లో, అంటే అదే వాడలో, ఇంకో రెండు ఇళ్లు రాసిపెట్టుకుంటుంది. అలా రాసుకోనివాళ్లు ఊరి ఆ చివర నుంచి ఈ చివరికి ట్రైసికిళ్ల మీద తిరిగి డబ్బు పోగొట్టుకుంటారు. ఎవరిని కలిశారు, ఏం మాట్లాడారు అన్నది ఫోన్‌లోని వాళ్ల యాప్‌లో ఎక్కించాలి. వారం చివర్లో కొత్తగా ఎంతమంది విన్నారు, ఆదివారం ఎంతమంది వచ్చారు, బాప్తిస్మానికి తేదీ పెట్టుకున్నదెందరు అని అంకెలు పైకి వెళ్తాయి. ఈ అంకెల పద్ధతి మాకు నచ్చదు. సంఘం ఎంత కాదన్నా కుర్రాళ్ల మధ్య అది పోటీ కింద మారుతుంది. పోటీలో వెనకబడ్డవాడు తన విశ్వాసమే తక్కువని కుమిలిపోతాడు.

ఇల్లు ఎలా ఉంటుందంటే, మిషన్ అద్దెకి తీసుకున్న రెండు గదులు, రెండు బల్లలు, గ్యాస్ పొయ్యి, రైస్ కుక్కరు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్. షవర్ అలవాటైన పిల్లలు బక్కెట్టు, చెంబు స్నానానికి వారంలో అలవాటు పడతారు, ఆ విషయంలో మనవాళ్లు వాళ్ల గురువులు. దవావో నగరపు కొళాయి నీళ్లకి మంచి పేరుంది. అయినా నగరం దాటి బోరు నీళ్లున్న చోటికి పంపితే ఫిల్టరు తప్పనిసరి. ఐసు విషయంలో ఇంకో జాగ్రత్త చెబుతారు. నడుమ బెజ్జమున్న గొట్టంలాంటి ముక్కలు ఫ్యాక్టరీవి. గడ్డని పగలగొట్టి వేసిన పెంకులయితే ఏ నీళ్లతో చేశారో, ఎక్కడ పెట్టి కొట్టారో తెలియదు, వద్దనేయాలి.

బట్టల దగ్గర కొంచెం ఆగుతాం. మన మెడికల్ విద్యార్థులకీ తెల్లబట్టలే కాబట్టి ఇది నేరుగా పనికొస్తుంది. అమెరికా నుంచి తెచ్చిన ఇస్త్రీ అక్కర్లేని తెల్లచొక్కాలు మూడు నెలల్లో పసుపుపచ్చగా మారతాయి. చెమట వల్ల అనుకుని ఇంకాస్త జోన్‌రాక్స్ (ఇక్కడి క్లోరిన్ బ్లీచ్) పోస్తారు, ఇంకా పసుపెక్కుతుంది. బోరు నీళ్లలో కరిగి ఉన్న ఇనుము క్లోరిన్ బ్లీచ్ తగలగానే తుప్పుగా మారి నూలులో దిగిపోతుంది. పాలిస్టరు కలిసిన బట్ట, ముడత పడకుండా పూత వేసిన బట్ట ఆ బ్లీచ్‌కి తమంతట తామే పసుపెక్కుతాయి. పాతకాపులు చేసే పద్ధతి వేరు. ఇంటికి రాగానే కాలరూ చేతిమడతలూ తడిపి, బట్టల సబ్బు ముక్క రుద్ది, మెత్తటి బ్రష్‌తో అదే రాత్రి తోమేస్తారు. మర్నాటికి వదిలేస్తే ఆ జిడ్డు వారమైనా పోదు. తుప్పు మరక మీద కలమాన్సీ, మన చిన్న నిమ్మకాయలాంటిది, పిండి ఉప్పు చల్లి గంటసేపు ఎండలో పెట్టి, బాగా జాడిస్తారు. బ్లీచ్ తడి ఉన్న బట్ట మీద మాత్రం నిమ్మజాతి రసం ఏదీ పిండకూడదు. క్లోరిన్ వాయువు లేస్తుంది, చిన్న స్నానాల గదిలో అది ఊపిరితిత్తులకి ప్రమాదం. వానాకాలంలో ఉతికిన బట్ట రెండు రోజులైనా ఆరదు, బూజు చుక్కలు పడతాయి. గట్టిగా పిండి, పొడి తువ్వాలులో చుట్టి ఇంకోసారి పిండి, రాత్రి ఫ్యాను కింద హ్యాంగరుకి వేస్తే తెల్లారేసరికి వేసుకోవచ్చు.

బూట్లు రెండు జతలుండాలి. ఒకటి తొడిగిన రోజు రెండోది ఆరాలి, తడిసిందాన్ని పాత పేపర్లు కుక్కి ఆరబెట్టాలి, మీ పత్రిక దీనికి భేషుగ్గా పనికొస్తుందని మనవి. ఒకటే జతతో నెట్టుకొచ్చినవాడికి వేళ్ల సందుల్లో ఒరుపు పుట్టి, చర్మం చిట్లుతుంది. ఆ చిట్లిన కాలితో వరద నీళ్లలో దిగితే లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి వచ్చే జబ్బు ఇది. మనీలాలో ఏటా వానలకి ఆసుపత్రులు ఈ కేసులు చూస్తాయి, ఇక్కడా తక్కువేం కాదు. కాలికి దెబ్బ ఉంటే నీళ్లలో దిగకూడదు. దిగక తప్పకపోతే ఇంటికి రాగానే సబ్బుతో కడుక్కోవాలి. ఆ రోజే డాక్టరుకి చెబితే ముందుజాగ్రత్తగా మాత్ర రాస్తారు. జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెరుపు వచ్చేదాకా ఆగకూడదు.

డెంగీ గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పేదేముంది, అయినా ఇక్కడ పిల్లలు చేసే తప్పులు రెండు. దోమ కుట్టేది పగలు, ముఖ్యంగా తెల్లవారాక, సాయంత్రం చీకటి పడే ముందు. వీళ్లు ఒంటికి మందు రాసుకునేది రాత్రి. ఇంట్లో ఆ దోమని పెంచేది నీళ్లాగిపోతాయని నింపిపెట్టిన స్నానాల గది డ్రమ్మే. వారానికోసారి దాన్ని వంపేసి, లోపలి గోడలు బ్రష్‌తో రుద్దాలి. గుడ్లు గోడకి అంటుకుని ఉంటాయి, ఉత్తినే వంపితే పోవు. జ్వరమొస్తే పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. జ్వరం దిగినప్పుడే ఎక్కువ కనిపెట్టి ఉండాలి. మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి పరిగెత్తాలి. జంటగా ఉండటం ఎందుకు మేలో ఇక్కడ అర్థమవుతుంది. ఒకడు మూలుగుతుంటే రెండోవాడు ఎలాగూ బయటికి వెళ్లకూడదు, కాబట్టి పక్కనే కూర్చుని మిషన్ నర్సుకో అధ్యక్షుడి భార్యకో ఫోన్ చేస్తాడు, పైన ఈ ప్రాంతానికి ఒక సలహా డాక్టరు ఉంటాడు. మన పిల్ల ఒంటరి గదిలో జ్వరంతో పడుంటే ఎవరికీ తెలియని రోజులుంటాయి.

తిండి దగ్గర పెద్ద చిక్కు లేదు. మూడు పూటలా అన్నం, ఎండుచేప, వేపుడు. ఎవరింటికెళ్లినా 'కాఓన్ తా', తిందాం రా అంటారు. కాదంటే చిన్నబుచ్చుకుంటారు, కొంచెమైనా పెట్టించుకోవాలి. కాఫీ, టీ, మద్యం, పొగాకు వాళ్లకి నిషేధం. తెలిసిన ఇళ్లలో వేడి మైలో (చాక్లెట్ పానీయం) ఇస్తారు, టీ తాగరని నొచ్చుకునే మన తెలుగు ఇల్లాళ్లు కూడా ఇదే పని చెయ్యొచ్చు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం, నీళ్లు కూడా ఉండవు. ఆ రోజు మధ్యాహ్నం ఎండలో తిరిగితే కళ్లు తిరుగుతాయి, ముందురోజు బాగా నీళ్లు తాగి ఉండాలి.

సోమవారం వాళ్లకి సెలవులాంటిది, సాయంత్రం ఆరు దాకా. ఉతుకుడు, సరుకులు, జుట్టు కత్తిరింపు, బాస్కెట్‌బాల్ ఆ రోజే. ఈతకి మాత్రం వెళ్లకూడదు, సముద్రం వీధి చివరే ఉన్నా సరే. అదే రోజు అధ్యక్షుడికి వారం ఉత్తరం రాయాలి, ఇంటికి ఫోన్ చెయ్యొచ్చు. 2019 ఫిబ్రవరికి ముందు ఏడాదికి రెండే ఫోన్లు, క్రిస్మస్‌కి ఒకటి, మాతృ దినోత్సవానికి ఒకటి. ఇప్పుడు వారం వారం వీడియోలో చూసుకోనిస్తున్నారు. ఈ మార్పు ఎప్పుడో రావాల్సింది.

అయినా అందరూ నిలబడరు. మొదటి మూడు నెలలు అతి కష్టం. వాళ్లకిచ్చే చిన్న పుస్తకంలో మనసు పరిస్థితిని ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు మెట్లుగా చూపిస్తారు. కుర్రాడు తాను ఏ మెట్టు మీదున్నాడో తానే గుర్తుపట్టి చెప్పాలి. నారింజ దాటకముందే పై వాళ్లకి చెబితే జత మార్చడమో, పని తగ్గించడమో, కౌన్సెలర్‌తో మాట్లాడించడమో చేస్తారు. చెప్పనివాళ్లే ఎక్కువ, ఎందుకంటే మధ్యలో ఇంటికొచ్చినవాణ్ణి వాళ్ల ఊళ్లో చూసే చూపు మంచిది కాదు. అమెరికాలో పుట్టిపెరిగినవాళ్లకి కూడా ఈ పరువు గోల తప్పలేదు. మొదటి సెమిస్టర్‌లో సర్దుకోలేక వెనక్కొచ్చిన పిల్లాడి గురించి మన కాలనీల్లో అనే మాటలు వాళ్ల మాటలకేమీ తీసిపోవు. ఈ మాటల భయంతోనే పిల్లలు ఎరుపు దాకా వెళ్తారు. పూర్తి మిషన్ చేయలేని పిల్లలు ఇంటి దగ్గరే ఉండి సేవ చేసే ఏర్పాటు ఆ సంఘం పెట్టింది, అది మంచి పని.

విపత్తులకి ఒక సంచి సిద్ధంగా ఉంచుతారు, మూడు రోజులకి సరిపడా. నీళ్లు, వండక్కర్లేని తిండి, టార్చి, పవర్ బ్యాంకు, మందులు, చిల్లర నోట్లు, పాస్‌పోర్టు నకలు ప్లాస్టిక్ కవర్లో. తుఫాను హెచ్చరిక వస్తే లోతట్టు ఇళ్లలోని జంటల్ని ముందే గట్టి భవనాల్లోకి చేరుస్తారు. 2013 నవంబరు 8న హయాన్ తుఫాను తక్లోబాన్ నగరాన్ని తుడిచిపెట్టినప్పుడు వేల మంది పోయారు, అక్కడి మిషనరీలు మాత్రం అందరూ బతికి బయటపడ్డారు. 2025 అక్టోబరు 10న దవావో ఓరియెంటల్ తీరంలో 7.4 తీవ్రతతో భూమి కంపించింది. ఇలాంటి చోట సంచి పక్కనే చెప్పులు కూడా మంచం కింద ఉండాలి, చీకట్లో పగిలిన గాజు మీద నడిచి కాళ్లు కోసుకుంటారు.

ఇప్పుడు తల్లిదండ్రుల భయం సంగతి. అమ్మాయి ఒక్కతే ఉన్న గదిలోకి ఎల్డర్లు, అంటే మగ మిషనరీలు, అడుగు పెట్టరు. తమవైపు మరో పెద్ద మగమనిషి తోడుంటేనే మాట్లాడతారు, లేదంటే అమ్మాయిల జంటకి, సిస్టర్లకి, అప్పగిస్తారు. ప్రేమలు, చాటింగులు నిషేధం. పద్దెనిమిది నిండని పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా బాప్తిస్మం ఇవ్వరు, ఇచ్చే ముందు పాఠం చెప్పిన జంట కాకుండా వేరే మనిషి వచ్చి విడిగా మాట్లాడతాడు. డబ్బు, ఫీజు రాయితీ, వీసా ఇప్పిస్తామని చెప్పరు. ఇష్టం లేకపోతే మొహమాటంతో ఫోన్ నంబరు ఇవ్వకూడదు. ఇస్తే అది యాప్‌లో ఎక్కుతుంది, ఆరు వారాల తర్వాత వచ్చే కొత్త జంట మళ్లీ ఫోన్ చేస్తుంది. 'వద్దు, నా పేరు తీసెయ్యండి' అని ఒక్కసారి స్పష్టంగా చెబితే చాలు. మన పిల్లలు 'తర్వాత చూద్దాం' అంటారు, అవతలివాడు దాన్ని తారీఖు కింద రాసుకుంటాడు. బిళ్ల లేకుండా, ఒంటరిగా, చందా అడుగుతూ వచ్చినవాడు మాత్రం వాళ్ల మనిషి కాడు. తలుపు వేసుకోండి.

ఎవరి మతం వాళ్లది. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లని పరాయి దేశం పంపేటప్పుడు ఆ సంఘం చేసే ఏర్పాట్లలో పావు వంతైనా మన కన్సల్టెన్సీలు చేయడం లేదు. విమానాశ్రయంలో పూలగుత్తితో ఫొటో దిగాక బాధ్యత తీరిపోయిందనుకుంటారు. మొదటి పన్నెండు వారాలు ప్రతి కొత్త విద్యార్థికీ ఒక సీనియర్‌ని పేరుతో సహా కేటాయించాలి. పదిమందికొకరు చొప్పున వారానికోసారి గదికి వెళ్లి కళ్లారా చూసే మనిషి ఉండాలి. మొదటి సెమిస్టర్‌లో ఎవరినీ ఒంటరి గదిలో పెట్టకూడదు. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు, తీసుకునే సర్వీసు ఛార్జీలో లెక్కలోకి రాదు.

మీ చదువుల పేజీలో ఈసారి ఫిలిప్పీన్స్ వ్యాసం వేసినప్పుడు, అడ్వాన్సు కట్టే ముందు తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నలు కూడా ఒక బాక్సు కట్టి వేయమని కోరుతున్నాం. రాత్రి రెండింటికి మా పిల్లకి జ్వరమొస్తే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి, ఆ నంబరు ఎత్తే మనిషి ఉండేది దవావోలోనా, అమీర్‌పేటలోనా అన్నది వాటిలో మొదటిది కావాలి.

ఇట్లు,
కొందరు తెలుగువాళ్లు,
దవావో, ఫిలిప్పీన్స్